కడుపుతో ఉన్నప్పుడు ఎంత బరువు పెరగాలి? ముందు ఎంత ఉన్నారో చూడండి

కడుపుతో ఉన్న అమ్మాయికి ఇంట్లో రెండు రకాల సలహాలు వస్తాయి. "ఇప్పుడు ఇద్దరి తిండి తినాలమ్మా" అని ఒకరంటారు. "మరీ తినకు, బిడ్డ లావైతే కాన్పు కష్టం" అని ఇంకొకరంటారు. రెండూ ప్రేమతో చెప్పే మాటలే. కానీ ఆ అమ్మాయి నెల తప్పేనాటికి ఎంత బరువుందో ఇద్దరూ అడగరు. అది తెలియకుండా ఎంత తినాలో, ఎన్ని కిలోలు పెరగాలో చెప్పడం కుదరదు. ఒకామెకు 15 కిలోలు పెరగడం బిడ్డకు మేలు చేస్తే, పక్కింటామెకు అవే 15 కిలోలు ముప్పు తెస్తాయి.

ముందు లెక్క చూద్దాం. నెల తప్పక ముందున్న బరువును కిలోల్లో రాసుకోండి. ఎత్తును మీటర్లలోకి మార్చి, దాన్ని దానితోనే గుణించండి. వచ్చిన అంకెతో బరువును భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, వస్తుంది. ఎత్తు 152 సెంటీమీటర్లు అనుకుందాం. 1.52ని 1.52తో గుణిస్తే 2.31. ఇదే ఎత్తుండి 42 కిలోలున్న ఆమె బీఎంఐ 18.2, 50 కిలోలుంటే 21.6, 62 ఉంటే 26.8, 72 ఉంటే 31.2. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన లెక్కనే ఇప్పుడు చాలామంది డాక్టర్లు వాడుతున్నారు. దాని ప్రకారం బీఎంఐ 18.5 లోపుంటే తొమ్మిది నెలల్లో 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. 18.5 నుంచి 24.9 దాకా ఉంటే 11.5 నుంచి 16 కిలోలు, 25 నుంచి 29.9 ఉంటే 7 నుంచి 11.5, 30 దాటితే 5 నుంచి 9 కిలోలు చాలు. అంటే 42 కిలోలామెకు కనీసమైన పెరుగుదల, 72 కిలోలామెకు గరిష్ఠం కన్నా ఎక్కువ. మామూలు బరువుతో మొదలై కవలలు కడుపులో ఉంటే 17 నుంచి 25 కిలోలు.

మన ఏఎన్‌ఎంల (పల్లెల్లో పనిచేసే ప్రభుత్వ నర్సుల) మార్గదర్శకాల్లో ఇంకా సులువైన లెక్క ఉంది: మొత్తం 9 నుంచి 11 కిలోలు, మొదటి మూడు నెలలు దాటాక నెలకు సుమారు 2 కిలోలు. చిన్న ఒడ్డూపొడుగూ ఉన్న మన ఆడవాళ్ళను చూసి పెట్టిన లెక్క అది. పల్లెలో బరువు మిషన్ తప్ప ఇంకేమీ లేనిచోట అది బాగా పనిచేస్తుంది. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. భారతీయులకు షుగర్, బీపీ ముప్పు తక్కువ బరువు దగ్గరే మొదలవుతుంది కాబట్టి, ఇక్కడి నిపుణులు బీఎంఐ 23 దాటగానే అధిక బరువని, 25 దాటితే స్థూలకాయమని లెక్కిస్తారు. 152 సెంటీమీటర్ల ఎత్తుకు 56 కిలోలుంటే బీఎంఐ 24.2. అమెరికా పట్టికలో ఇది మామూలే, మన లెక్కలో ఎక్కువ. అలాంటివాళ్ళు 16 కిలోల వైపు చూడకుండా 11 దగ్గర ఆగడమే మేలని నా అభిప్రాయం.

పెరిగిన బరువంతా కొవ్వేనని భయపడేవాళ్ళు ఈ లెక్క చూడాలి. నెలలు నిండేసరికి బిడ్డ 3 కిలోలు, మాయ 600 గ్రాములు, ఉమ్మనీరు 800 గ్రాములు, పెరిగిన గర్భసంచి 900 గ్రాములు, రొమ్ములు 400 గ్రాములు, అదనంగా తయారైన రక్తం కిలోంబావు, ఒంట్లో చేరిన నీరు కిలోన్నర. ఇవన్నీ కలిపితేనే ఎనిమిదిన్నర కిలోల దాకా అవుతాయి. మిగిలిన మూడు, మూడున్నర కిలోలు తల్లి ఒంట్లో చేరే కొవ్వు. కాన్పయ్యాక పాలిచ్చే నెలలకు అది దాచిపెట్టుకున్న మూట. కొవ్వు పేరుకోవడం ఎక్కువగా మధ్య నెలల్లో, బిడ్డ బరువు పెరగడం ఎక్కువగా చివరి మూడు నెలల్లో జరుగుతుంది.

ఇందులో అదనపు రక్తమే నా దృష్టిలో కీలకం. మాయ గుండా బిడ్డకు అందే ప్రతి అణువూ తల్లి రక్తంలోంచే వెళ్ళాలి. సన్నగా ఉండి బరువు సరిగ్గా పెరగని తల్లిలో రక్తం పరిమాణం పెరగాల్సినంత పెరగదు. మాయ చిన్నదిగా ఉండిపోతుంది, బిడ్డకు సరఫరా తగ్గుతుంది. అప్పుడు బిడ్డ శరీరం సర్దుకుంటుంది. మెదడుకు ముందు పంపుతుంది, కాలేయానికి, కండకు, కిడ్నీలకు కోత పెడుతుంది. నెలలు నిండినా రెండు కిలోలే ఉన్న బిడ్డ తల పెద్దదిగా, పొట్ట లోతుగా, తొడల మీద చర్మం ముడతలుగా కనిపించడానికి కారణం ఇదే.

పుట్టిన బిడ్డ 2,500 గ్రాముల లోపుంటే తక్కువ బరువు కిందకి వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో బరువు తూచిన పిల్లల్లో సుమారు 18 శాతం ఇలాంటివాళ్ళే. ఇందులో రెండు రకాలున్నాయి. 37 వారాలు నిండకముందే పుట్టి బరువు తక్కువున్నవాళ్ళు ఒకరు, నెలలు నిండినా పెరగనివాళ్ళు ఇంకొకరు. తల్లి సన్నగా ఉండి బరువు సరిగా పెరగకపోతే రెండు ప్రమాదాలూ పెరుగుతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులు పక్వం కాకపోవడం పెద్ద సమస్య. నెలలు నిండి చిన్నగా పుట్టిన బిడ్డకు ఊపిరి బాగానే ఉండొచ్చు, కానీ ఒంట్లో నిల్వలుండవు. కాలేయంలో షుగర్ నిల్వ లేక పుట్టిన గంటల్లోనే షుగర్ పడిపోతుంది. చర్మం కింద కొవ్వు లేక ఒళ్ళు చల్లబడిపోతుంది. చల్లబడిన బిడ్డ వేడి పుట్టించుకోవడానికి ఉన్న కాస్త షుగర్‌నూ ఖర్చు చేస్తుంది. అలా ఒకదాని వెంట ఒకటి లాక్కుపోతాయి.

చిన్న బిడ్డకు తిండి ఒక్కటే కారణం కాదు, ఆ మాట కూడా చెప్పాలి. రక్తహీనత, బీపీ, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేకపోవడం, పొగాకు, కట్టెల పొయ్యి పొగ అన్నీ బిడ్డ బరువును కోస్తాయి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్ళలో ఉంది. గర్భిణి ఆ అలవాటు మానకుండా ఎన్ని గుడ్లు తిన్నా, నికోటిన్ రక్తనాళాలను బిగించి మాయకు రక్తాన్ని తగ్గిస్తూనే ఉంటుంది.

ఇక రెండో వైపు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో బీఎంఐ 18.5 లోపున్నవాళ్ళు 15 శాతం దాకా ఉంటే, 25, ఆ పైన ఉన్నవాళ్ళు 36 శాతం. తెలంగాణలో 19, 30. బక్కగా ఉన్నవాళ్ళకంటే లావుగా ఉన్నవాళ్ళే ఎక్కువన్నమాట. అయినా మన ఇళ్ళల్లో సలహాలు మాత్రం అందరూ బక్కగా ఉన్న రోజుల్లోవే నడుస్తున్నాయి.

అధిక బరువుతో గర్భం మొదలైతే తల్లికి షుగర్, బీపీ వచ్చే అవకాశం పెరుగుతుంది. షుగర్ సంగతి డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ ఎప్పుడో వివరించాడు. తల్లి రక్తంలోని షుగర్ మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ వెళ్ళదు. కాబట్టి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయాలి. ఇన్సులిన్ కడుపులోని బిడ్డను పెంచే హార్మోన్ కూడా. అందుకే భుజాల దగ్గర, పొట్ట మీద కొవ్వు పేరుకుంటుంది. బిడ్డ 4 కిలోలు, ఆ పైన పెరిగితే కాన్పులో తల బయటకొచ్చాక భుజం ఇరుక్కునే ప్రమాదం ఉంది. అలా ఇరుక్కుంటే మెడ దగ్గరి నరాలు సాగి చేయి పడిపోవచ్చు, మెడ ఎముక విరగొచ్చు. బొడ్డు కోయగానే తల్లి నుంచి షుగర్ ఆగిపోతుంది, కానీ బిడ్డలో ఇన్సులిన్ వెంటనే ఆగదు. మొదటి ఒకటి రెండు గంటల్లోనే షుగర్ దభాలున పడిపోతుంది. ఎక్కువ ఇన్సులిన్ ఊపిరితిత్తుల పక్వతను కూడా ఆలస్యం చేస్తుంది. అందుకే నాలుగు కిలోల బొద్దు బిడ్డ కూడా ఆయాసపడుతూ ఐసీయూకి వెళ్ళడం జరుగుతుంది.

చూడండి, రెండు కిలోల బిడ్డకూ నాలుగు కిలోల బిడ్డకూ మొదటి రోజు వచ్చే ఆపద ఒకటే, షుగర్ పడిపోవడం. ఒకరికి నిల్వ లేక, ఇంకొకరికి ఇన్సులిన్ ఎక్కువై. బొద్దుగా ఉన్నాడు కదా అని ఆ బిడ్డను గంటలకొద్దీ పాలివ్వకుండా నిద్రపోనివ్వడం చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు.

స్థూలకాయం ఉన్న తల్లులకు ఇంకో రెండు విషయాలు. బిడ్డ వెన్ను, మెదడు తయారయ్యే నాళం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. తల్లి బరువు బాగా ఎక్కువైతే అది సరిగా మూసుకోకపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే బీఎంఐ 30 దాటినవాళ్ళకు మామూలు మోతాదు కాకుండా రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను గర్భం రాకముందు నుంచే ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని డాక్టరు రాసిచ్చాకే వాడాలి. రెండోది, బిడ్డ అవయవాలన్నీ చూసే 18–20 వారాల టిఫా స్కాన్‌లో పొట్ట కొవ్వు వల్ల బొమ్మ మసకగా వస్తుంది. "మళ్ళీ రండి" అంటే విసుక్కోకుండా వెళ్ళండి. గుండె, వెన్ను సరిగా కనిపించకపోతే ఆ రిపోర్టు పూర్తయినట్టు కాదు.

పుట్టినప్పటి బరువు ఒక్కటే అన్నీ చెప్పదని మన దేశంలోనే ఒక గొప్ప అధ్యయనం చూపించింది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. పుణె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ, పొట్టలోని అవయవాలు బాగా చిన్నవి. కానీ వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. బక్కగా కనిపించే బిడ్డలోనే కొవ్వు వాటా ఎక్కువ. పెద్దయ్యాక మనవాళ్ళకు తక్కువ బరువులోనే షుగర్ రావడానికి ఇదొక వివరణ. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రోజుకు 1000 కేలరీల తిండి కూడా దొరకని కరువు వచ్చింది. ఆ కరువు చివరి నెలల్లో తగిలిన తల్లులకు చిన్న పిల్లలు పుట్టారు. మొదటి నెలల్లో తగిలి తర్వాత తిండి దొరికినవాళ్ళకు మామూలు బరువు పిల్లలే పుట్టారు, అయినా ఆ పిల్లలకు పెద్దయ్యాక స్థూలకాయం, గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. అందుకే మొదట్లో తినకపోయినా చివర్లో ఎక్కువ తింటే సరిపోతుందన్న మాట నిలవదు.

తిండి దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 కేలరీలు ఎక్కువ కావాలి. ప్రోటీన్ మధ్య మూడు నెలల్లో 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు ఎక్కువ కావాలి. ఇద్దరి తిండి ఎంతో ఇప్పుడు కొలవండి. ఒక గ్లాసు పాలు 200 మిల్లీలీటర్లు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశనగ పలుకులు 30 గ్రాములు. ఈ మూడింటితో సుమారు 370 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ వచ్చేస్తాయి. రెండో కంచం అన్నం అక్కర్లేదు. గుడ్డు తినని ఇళ్ళల్లో దాని బదులు గట్టి పెసరపప్పో, ఉడికించిన శనగలో ఒక కప్పు తినొచ్చు. బక్కగా ఉన్నవాళ్ళు దీనికి తోడు వేరుశనగ చిక్కీ, అరటిపండు, అన్నంలో ఓ చెంచా నెయ్యి కలుపుకోవచ్చు. అధిక బరువున్నవాళ్ళు పాలూ గుడ్డూ ఉంచుకుని అన్నం పరిమాణం తగ్గించాలి. కంచంలో సగం కూర, పావు పప్పో చేపో, పావు అన్నం ఉండేలా చూసుకోవాలి. జ్యూసులు, గ్లూకోజు పొడి, కూల్‌డ్రింకులు మానేయాలి. లావుగా ఉన్నా సరే, గర్భంతో ఉండగా బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు, ఉపవాసాలూ ఉండకూడదు. రక్తస్రావం, మాయ కిందికి ఉండటంలాంటి ఇబ్బందులు లేకపోతే రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు నడవొచ్చు.

తెలంగాణ అంగన్‌వాడీల్లో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తున్నారు. అక్కడే కూర్చుని తినమని చెప్పడానికి కారణం ఉంది. ఇంటికి తెస్తే గుడ్డు పెద్దపిల్లాడికి, పాలు అందరి టీలోకి పోతాయి.

నాలుగో నెల నుంచి 180 రోజులు ఐరన్ మాత్ర వేసుకోవాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాల్షియం మాత్రతో కలిపి వేస్తే ఐరన్ ఒంటపట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీ, పాలతో కూడా వేసుకోకూడదు. నిమ్మరసంతో అయితే బాగా ఇంకుతుంది.

బరువు చూసుకునే పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ఎప్పుడూ ఒకే మిషన్ మీద, పొద్దున మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్ తినకముందు, చెప్పులు లేకుండా, తేలికపాటి బట్టలతో తూచుకోండి. మిషన్ గట్టి నేల మీద ఉండాలి, చాప మీద కాదు. తేదీ, వారం, బరువు మూడూ రాయండి. మన దగ్గర ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్తారు. మిషన్ మారుతుంది, డాక్టరు మారతారు. పాత కార్డు అత్తగారింట్లో బీరువాలో ఉండిపోతుంది. కొత్త డాక్టరు ముందున్నది ఒకే ఒక్క అంకె, దాంతో ఏమీ తేల్చలేరు. కార్డు వెంట తీసుకెళ్ళండి. వెళ్ళిన మర్నాడే కొత్త మిషన్ మీద తూచి, తేడా ఎంతుందో పక్కన రాసుకోండి.

మొదటి మూడు నెలల్లో అర కిలో నుంచి 2 కిలోలు పెరిగితే చాలు. వేవిళ్ళతో కొంత తగ్గినా కంగారు లేదు. కానీ ముందున్న బరువులో 5 శాతం తగ్గితే, అంటే 50 కిలోలామె రెండున్నర కిలోలు తగ్గితే, నీళ్ళు కూడా నిలవకపోతే, ఆసుపత్రికి వెళ్ళి సెలైన్ పెట్టించుకోవాల్సిన స్థితి అది. నాలుగో నెల నుంచి మామూలు బరువుతో మొదలైనవాళ్ళు వారానికి 400 గ్రాముల పైచిలుకు, బక్కగా ఉన్నవాళ్ళు అర కిలో, అధిక బరువున్నవాళ్ళు 280 గ్రాములు, స్థూలకాయం ఉన్నవాళ్ళు 220 గ్రాములు పెరగడం సరైన నడక. ఒక వారం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, నెల మొత్తం చూడండి.

ఉన్నట్టుండి పెరిగిన బరువును మాత్రం తిండి ఖాతాలో వేయకండి. నెలలో 3 కిలోలు దాటితే బీపీ, షుగర్, కవలలు ఈ మూడింటినీ అనుమానించమని ఏఎన్‌ఎంల మార్గదర్శకాలు చెబుతున్నాయి. సాయంత్రానికి పాదాలు వాచడం చాలామందికి ఉండేదే. పొద్దున లేవగానే ముఖం, చేతివేళ్ళు ఉబ్బి, ఉంగరం రాకుండా బిగుసుకుంటే ఆ రోజే బీపీ చూపించుకోండి. 140/90 ఉన్నా, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, తలనొప్పి, చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉన్నా "నీరు పట్టింది, ఉప్పు తగ్గిస్తే పోతుంది" అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

షుగర్ పరీక్ష మన దేశంలో సులువు. తిన్నారా లేదా అన్నదానితో పనిలేదు. 75 గ్రాముల గ్లూకోజును 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి. రెండు గంటలకు రక్తం ఇస్తే 140, ఆ పైన వచ్చిందంటే గర్భంలో షుగర్ ఉన్నట్టే. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్ళీ చేయాలి. మొదటిసారి మామూలుగా వచ్చినా 24–28 వారాల మధ్య రెండోసారి తప్పనిసరి. మాయ హార్మోన్లు ఇన్సులిన్‌ను అడ్డుకోవడం అప్పుడే ఎక్కువవుతుంది.

బిడ్డ పుట్టిన మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలి. ముర్రుపాలు చెంచాడే వచ్చినా చాలు. తేనె, పంచదార నీళ్ళు వద్దు. బిడ్డ 2.5 కిలోల లోపున్నా, 4 కిలోలు దాటినా, తల్లికి షుగర్ ఉన్నా, బిడ్డ షుగర్ చూడమని మీరే అడగండి. సాధారణంగా 2, 6, 12, 24 గంటలకు, అవసరమైతే మూడో రోజు దాకా చూస్తారు. 45 కంటే తగ్గితే వెంటనే వైద్యం కావాలి. వణకడం, మెత్తబడిపోవడం, పాలు తాగకపోవడం, నీలం రంగు రావడం షుగర్ పడిపోతోందనడానికి గుర్తులు. చిన్న బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం చేయించకూడదు. చేతి వెనకవైపుతో పొట్టనూ అరికాళ్ళనూ తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా, కాళ్ళు చల్లగా ఉంటే బిడ్డకు చలి పెడుతోంది. రెండూ చల్లగా ఉంటే అది ప్రమాదం.

చిన్న బిడ్డకు అన్నిటికన్నా గొప్ప మందు తల్లి గుండెలే. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు రోజుకు 8 నుంచి 24 గంటలు పాటించమంటోంది. డైపరు, టోపీ, సాక్సులు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా బిడ్డను రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలా కాళ్ళు మడిచి, తల ఒక పక్కకు తిప్పి ఆనించి, పైన పొడుగాటి గుడ్డ చుట్టాలి. ముక్కు, నోరు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. ఒకసారి పెట్టుకుంటే గంటకు తక్కువ కాకుండా ఉంచాలి. తల్లి అలసిపోతే తండ్రో, అమ్మమ్మో పెట్టుకోవచ్చు.

మొదటి కొద్ది రోజుల్లో బిడ్డ బరువు 7 నుంచి 10 శాతం తగ్గి, రెండు వారాల్లోపు మళ్ళీ పుట్టినప్పటి బరువుకు వస్తుంది. తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు ఎక్కువ కావాలి, గర్భంతో ఉన్నప్పటికన్నా ఎక్కువన్నమాట. ఆ సమయంలోనే పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో సరిపెడితే, బక్కగా ఉన్న తల్లి ఇంకా బక్కదైపోయి రెండో కాన్పుకు వెళ్తుంది. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. ఆ రోజే బరువు తూచి రాసుకోండి. ఏడాదికి ఇంకోసారి తూచండి. మళ్ళీ గర్భం కోసం కనీసం రెండేళ్ళు ఆగి, ఆ లోపు బీఎంఐ 18.5కు 23కు మధ్యకు చేరుకునే ప్రయత్నం చేస్తే, రెండో బిడ్డ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.